ఆట తర్వాత అన్నం

ఆ రోజు పేపరు మధ్యాహ్నం పన్నెండుంబావుకు వచ్చింది. మద్రాసు నుంచి వచ్చే ఇంగ్లీషు పేపరు. మాచర్ల రైలుబండి దాన్ని రెంటచింతలలో దించితే, పక్కనే ఉన్న మా ఊరికి టపా ఆయన సైకిలు మీద తెచ్చేవాడు. లండను ఒలింపిక్సులో హాకీ ఫైనలు ముగిసి అప్పటికే రెండు రోజులైంది. మా ఊరి వరకు ఇంకా మొదలు కాలేదు.

ఎందుకంటే మా ఊళ్ళో ఒక కట్టుబాటు ఉండేది. అది మా ఆయన పెట్టింది. ఆట వార్త చదివేటప్పుడు పైనున్న పెద్దక్షరాలు కనపడకుండా పేపరు మడవాలి. మొదటి వాక్యం నుంచి వరసగా చదవాలి. ఎవరు గెలిచారో చివరికి వచ్చేదాకా చెప్పకూడదు. "ముందే తెలిస్తే అది ఆట కాదు, చావు కబురు" అనేవాడు. రేడియో ఉన్న ఇల్లు మా చుట్టుపక్కల లేదు కాబట్టి ఇది చెల్లింది.

చదివేది నేను. గుంటూరులో ట్రైనింగు చదివి మిషను బడిలో టీచరుగా చేరాను. పెళ్ళయి అప్పటికి ఏడాది కాలేదు. పేపరు మడిచేదాన్ని నేనే కనుక గెలుపోటములు నాకు ముందే తెలిసిపోయేవి. అయినా ఎవరికీ అభ్యంతరం లేదు. "మా టీచరమ్మ మొహం చూస్తే ఇండియా గెలిచిందో చచ్చిందో దేవుడికి కూడా తెలవదు" అని మా ఆయన అందరి ముందూ అనేవాడు. పెళ్ళాన్ని పొగడటం అంటే ఆయనకు తెలిసింది అంతే.

ఆయన పోయి ఈ నెలకు ఏడాది. సంవత్సరీకపు ప్రార్థనకు మా పిల్లలు కార్డు అచ్చు వేయించారు. అందులో ఆయన్ని "మితభాషి" అన్నారు. నేను ఎర్రసిరాతో కొట్టేశాను. ఆయన నాపరాళ్ళ క్వారీలో రాయి కొట్టిన మనిషి, చెడుగుడు ఆడిన మనిషి. నోరు మూసుకుని ఆ రెండింట్లో ఏదీ చేయలేదు. ఆ నోటి వల్ల ఏం పోగొట్టుకున్నాడో రాస్తే కార్డు కంటే నిజంగా ఉంటుందని ఇది రాస్తున్నాను.

మా ఊరి చెడుగుడు జట్టును నడిపింది ఒక మోతుబరి. పెద్దాయన అనేవాళ్ళం. ఎడ్లబండ్లు, బహుమానాలు, ఆట అయ్యాక అన్నం, అన్నీ ఆయనవే. ఆయనదీ మాదీ ఒకటే చర్చి. ఆదివారం పూజలో ఫాదరు అందరి నాలుకల మీదా ఒకే గిన్నెలోని అప్పం పెట్టేవారు. ఆట అయ్యాక పెద్దాయన ఇంట్లో మాత్రం రైతుల పిల్లలకు అరుగు మీద ఆకులు వేసేవాళ్ళు, మా పేట నుంచి ఆడేవాళ్ళకు గొడ్ల చావిట్లో వేసేవాళ్ళు. కూర ఒకటే. అది చెప్పుకోవాలి.

మా ఆయన ఆ చావిట్లో ఏళ్ళ తరబడి తిన్నాడు. హాకీ ఫైనలుకు రెండు వారాల ముందు, గురజాల మీద గెలిచి వచ్చిన సాయంత్రం, ఆకు చేత్తో పట్టుకుని అరుగు ముందు నిలబడ్డాడట.

"అయ్యా, ఒక సందేహం. పొద్దున సాధన చేసేటప్పుడు మీ అబ్బాయి నన్ను పట్టుకుని నా మీద పొర్లాడా లేదా? నా చెమటంతా ఆడికే పూసుకుందా లేదా? కూతకి లేని అంటు కూటికి ఎట్టా వచ్చింది?"

అరుగు మీద కూర్చున్న కుర్రాళ్ళలో ఇద్దరు నవ్వారు. ఆ నవ్వే కొంప ముంచింది. పెద్దాయన మాటకు కోపం తెచ్చుకునే మనిషి కాదు, నవ్వుకు తెచ్చుకునే మనిషి.

"చెడుగుడు ఆడేవాడికి కావాల్సింది ఊపిరి రా, నోరు కాదు" అన్నాడు. మర్నాడు కబురు వచ్చింది. అందరి ముందూ తప్పయిందని చెబితే మాచర్ల ఆటకు రావచ్చు. లేకపోతే ఇక జట్టులో చోటు లేదు.

మా ఆయనకు ఉన్న సరదా ఆ ఆట ఒక్కటే. క్వారీలో వారమంతా వంగి ఉండే నడుం, ఆ గీత దగ్గర నిలబడ్డప్పుడే నిటారుగా ఉండేది. "చెప్పేయరాదూ, ఒక్క మాటే గదా" అని నేనూ అన్నాను. "ఒక్క మాటే గదా, పెద్దాయన్ని చెప్పమనవే" అన్నాడు.

సంగతి తేలకుండానే పేపరు వచ్చింది.

బడి వరండాలో జనం నిండిపోయారు. కుర్చీలో పెద్దాయన, చాప మీద రైతులు, మెట్ల మీద మా వాళ్ళు. ఏటి అవతల రజాకార్ల బాధ పడలేక వచ్చి మా ఊళ్ళో తలదాచుకున్న ముసలాయన ఒకడు స్తంభానికి ఆనుకుని ఉన్నాడు. నేను చదవడం మొదలుపెట్టాను. వాన పడి నేల బురదగా ఉందన్నాను.

"బురదైతే మనోళ్ళకి నాట్ల లెక్కే గదా" అన్నారు మెట్ల మీద నుంచి.

మొదటి గోలు అనగానే చప్పట్లు. ముసలాయన చేతులు ఎత్తి ఆపేశాడు. "మాది ఇంకా నిజాం రాజ్యమే గదా బిడ్డా. నేను సప్పట్లు కొట్టొచ్చా?"

"కొట్టు పెదనాయనా" అన్నాడు మా ఆయన. "సరిహద్దు సంగతి ఆట అయినాక చూద్దాం."

ముసలాయన అందరికంటే ఆలస్యంగా మొదలుపెట్టి అందరికంటే ఆలస్యంగా ఆపాడు. నాలుగు గోల్సు మనవి, ఇంగ్లీషువాళ్ళకు ఒక్కటీ లేదు. చివరి వాక్యం చదివి పేపరు మడత విప్పాను. ఏడాది కిందటిదాకా మనల్ని ఏలినవాళ్ళను వాళ్ళ ఊళ్ళోనే ఓడించాం. పెద్దాయన కుర్చీలో నుంచి లేచి పై పంచె తిప్పాడు. ఆయన్ని అలా నేను మళ్ళీ చూడలేదు.

తర్వాత అభిప్రాయాలు మొదలయ్యాయి. ఆటకంటే అవే ఎక్కువసేపు సాగేవి. అంతకుముందు అదే లండనులో మన ఫుట్‌బాలు జట్టు ఉత్త కాళ్ళతో ఆడి ఫ్రాన్సువాళ్ళ చేతిలో ఓడింది. బూట్లు తొడిగితే గెలిచేవాళ్ళని కొందరు, తొడిగితే నడవనే లేకపోయేవాళ్ళని కొందరు. బూట్లెందుకు లేవని అక్కడివాళ్ళు అడిగితే "మాది ఫుట్‌బాలు, మీది బూట్‌బాలు" అని మన ఆటగాడొకడు దీటుగా జవాబు చెప్పాడని ఎవరో నరసరావుపేటలో విని వచ్చారు. అది నిజమో కాదో నాకు తెలియదు, నేను చదివిన పేపర్లో లేదు. పెద్దాయనకు మాత్రం ఆ జవాబు చానా నచ్చింది. "అదీ మొగతనం! తెల్లోడి మొహం మీద చెప్పాడు" అని తొడ చరిచాడు.

మా ఆయన ఊరుకుంటే బాగుండేది. ఊరుకోలేదు.

"అంతే అయ్యా. లండనులో జవాబు చెబితే మొనగాడు. గొడ్ల చావిట్లో చెబితే నోటిదూల."

ఆయనే మళ్ళీ నా వైపు తిరిగి, "ఏమే, ఆ హాకీ జట్టులో సిక్కులు, హిందువులు, తురకలు, మనబోటి కిరస్తానీలు, అందరూ ఉన్నారంట గదా. గెలిచినాక అన్నం యాడ తిన్నారో, ఎట్టా కూర్చున్నారో రాశారేమో చూడు" అన్నాడు.

అందరూ నన్ను చూశారు. పెద్దాయన కూడా. నేను పేపరు మళ్ళీ మొదటి నుంచి చివరిదాకా చూశాను. అందరూ ఒకే బల్ల దగ్గర తిన్నారని చెబితే ఎవరూ సరిచూడలేరు. అంత ఇంగ్లీషు అక్కడ ఇంకెవరికీ రాదు.

"అది రాయలేదు" అన్నాను.

ఆయన పడీపడీ నవ్వాడు. "చూశారా అయ్యా, మా ఆవిడ నా కోసం కూడా అబద్ధం ఆడదు. ఇంక నేను మీ కోసం తప్పయిందని ఎట్టా చెప్పేది?"

జట్టులో ఆయన చోటు అక్కడితో పోయింది.

మాచర్ల ఆటకు ఉతికిన చొక్కా వేసుకుని చూసేవాడిగా వెళ్ళాడు. నేనూ వెళ్ళాను. గీత బయట గొంతుక్కూర్చుని, తనను తీసేసిన జట్టుకు గొంతు పోయేదాకా సలహాలు చెప్పాడు. "ఒరేయ్, చేతులు కాదురా, ఆడి కాళ్ళు చూడు! తిరిగి రారా, ఊపిరి అయిపోతంది!" సగం ఆటకు మా ఊరివాళ్ళు బాగా వెనకబడ్డారు. అప్పుడు పెద్దాయన కొడుకు వచ్చాడు. ఆ పొర్లాడినవాడే.

"మావా, నాన్న రమ్మంటున్నాడు. తప్పు గిప్పు ఏం చెప్పక్కర్లేదంట."

"ఆటకా, అన్నానికా?"

అబ్బాయి తండ్రి దగ్గరికి పోయి తిరిగి వచ్చాడు. నేల చూస్తూ, "ఆటకే" అన్నాడు.

"అయితే నాకు ఊపిరి తక్కువగా ఉంది లేరా. మీరే కానీయండి."

కానిచ్చారు. ఓడారు. చివరి కూత దాకా ఆయన సలహాలు ఆపలేదు. తిరుగు రైలుబండిలో మాచర్ల నుంచి రెంటచింతల దాకా కిటికీ బయటికి చూస్తూ కూర్చున్నాడు, ఒక్క మాట మాట్లాడలేదు. ఆయన్ని మితభాషి అనదలిస్తే ఆ ప్రయాణం ఒక్కటే సాక్ష్యం.

మరుసటి ఏడాది మా పేట నుంచి ఆడే మిగతా ఇద్దరు కూడా చావిట్లో తినం అన్నారు. పెద్దాయనకు ఇరకాటం వచ్చింది. వాళ్ళను అరుగు ఎక్కించలేడు, వాళ్ళు లేకుండా గెలవలేడు. ఆలోచించి, ఆట తర్వాత అన్నం పెట్టడమే మానేశాడు. ఒక్కొక్కరికి నాలుగు అరటిపళ్ళు, వేయించిన సెనక్కాయలు పొట్లం కట్టి ఇచ్చి, ఇళ్ళకు పోయి తినమనేవాడు. మాకు అది విజయమో ఓటమో చెప్పే పేపరు ఏదీ లేదు.

మా ఆయన మాత్రం సంబరపడ్డాడు. "మనం అరుగెక్కకుండా ఉండటానికి వాళ్ళు కూడా దిగిపోయారే! ఎంత కష్టపడ్డారో చూడు పాపం." ఊరి జట్టులో మళ్ళీ ఆడలేదు. ఎవరూ పిలవలేదు, ఆయన అడగలేదు.

ఆయన్ని పూడ్చిన రోజు పెద్దాయన కొడుకు వచ్చాడు. తల పూర్తిగా నెరిసింది. మట్టి వేసి, చేతులు దులుపుకుని నా పక్కన నిలబడ్డాడు. "మావని నడుం పట్టుకున్నా ఎవడూ ఆపలేకపోయేవాడు అక్కా. నేను ఒక్కసారే ఆపాను" అన్నాడు. ఎప్పుడని నేను అడగలేదు. ఇంట్లో అన్నం వండి ఉంది, తిని వెళ్ళమన్నాను. బండికి టైమైందని వెళ్ళిపోయాడు. నిజంగానే టైమైందేమో.

మా ఊళ్ళో చెడుగుడు ఇప్పటికీ ఆడతారు. రెండు పేటల కుర్రాళ్ళూ ఒకరినొకరు పట్టుకుని దుమ్ములో పొర్లుతారు, అయ్యాక పొట్లాలు తీసుకుని ఎవరి ఇంటికి వాళ్ళు పోతారు. ఆట తర్వాత ఎవరూ అన్నం పెట్టరు.