చేపల చెరువు మీద వేలాడిన డ్రైవర్ సీడీ

ఒక సీడీ కోసం రాజమండ్రి నుంచి మొగల్తూరు దాకా వెళతానని ఎప్పుడూ అనుకోలేదు. అమెరికా డాక్టర్ల మాటలు విని టైపు చేసే ఉద్యోగంలో ఈమధ్యే చేరాను. పోయిన మంగళవారం లాప్‌టాప్ అప్‌డేట్ సగంలో ఉండగా కరెంటు పోయింది. బ్యాటరీ అప్పటికే చచ్చిపోయి ఉంది. మళ్ళీ ఆన్ చేస్తే సౌండ్ లేదు, నెట్ లేదు. వాటిని పనిచేయించే డ్రైవర్ సాఫ్ట్‌వేర్ ఇంటర్నెట్ సెంటర్లో దించుకొచ్చాను గానీ, ఆ మోడల్‌కు పనికిరాలేదు. మర్నాడు సాయంత్రం ఆరుకల్లా ఫైలు పంపకపోతే ఉద్యోగం పోతుంది. లాప్‌టాప్ మా బావగారు వాడి నాకిచ్చింది. మొగల్తూరుకు ఫోన్ చేస్తే, "దాంతో వచ్చిన డ్రైవర్ల సీడీ ఇక్కడే ఉందమ్మా, వచ్చెయ్" అన్నారు.

ఉదయం ఆరింటి బస్సెక్కి, పాలకొల్లు మీదుగా తొమ్మిదిన్నరకు నరసాపురంలో దిగాను. టికెట్ నలభై రెండు రూపాయలు, అక్కడి నుంచి షేర్ ఆటోకు ఎనిమిది. ఒళ్లో లాప్‌టాప్ చూసి, "పెళ్ళి వీడియోలు తీస్తారాండి?" అన్నాడు ఆటో అతను. కాదన్నాను. ఇంకేమైనా అడిగితే ఏడ్చేసేదాన్నే.

బావగారు నన్ను నేరుగా చేపల చెరువు దగ్గరకు తీసుకెళ్ళారు. నీటి మీద ఈ గట్టు నుంచి ఆ గట్టుకు తాళ్ళు, వాటికి పాత సీడీలు. చేపలు తినే నీటికాకులు ఆ మెరుపుకు బెదిరి దిగకుండా ఇక్కడ అందరూ కట్టేవే.

"మెషీన్ నీకిచ్చేశాక దీంతో పనేముందిలే అనుకున్నానమ్మా."

"అందులో మనది ఏది బావగారూ?"

"అన్నీ ఒకలాగే ఉంటాయి కదా!"

నాకు ఒళ్ళు మండిపోయింది. చెరువు చూసుకునే సత్యంగారు పడవేసుకుని వెళ్ళి అన్నీ కోసుకొచ్చారు. ఎండకు పేర్లు వెలిసిపోయాయి. కాపలా పాకలో లాప్‌టాప్ ప్లగ్గుకు తగిలించి కూర్చుని, ఒక్కోటీ సబ్బునీళ్ళతో కడిగి, మధ్య నుంచి అంచుకు తుడిచి పెట్టి చూశాను. సినిమా పాటలు, భక్తి పాటలు, ఇంగ్లీషు గ్రామర్. పదకొండోది కాసేపు గరగరలాడి డ్రైవర్ల జాబితా చూపించింది. ముందు మదర్‌బోర్డుది, తర్వాత సౌండుది ఎక్కించి రీస్టార్ట్ చేస్తే, ముందే దించుకున్న ఆడియోలో డాక్టరు గొంతు వినిపించింది.

"ఏమంటున్నాడండి?" అన్నారు సత్యంగారు.

"ఎవరో పెద్దాయనకి మోకాళ్ళ నొప్పులంటండి."

"అక్కడా అంతేనా!"

నాలుగున్నర దాకా తల ఎత్తకుండా టైపు చేశాను. ఎత్తి చూస్తే, బావగారు తువ్వాలు ఊపుకుంటూ గట్టు మీద అటూ ఇటూ పరిగెడుతున్నారు. సీడీలు లేని చెరువు మీదికి పిట్టలు దిగుతున్నాయి. అయిపోయిందని కేకేశాను.

"అయితే ఇక పిట్టల్ని తోలడానికి రేకు డబ్బా వాయించొచ్చా అమ్మా? ఆ చప్పుడులో నీకు డాక్టరు మాట వినబడదని ఆగాను" అన్నారు రొప్పుతూ. పొద్దున పడ్డ కోపానికి సిగ్గేసింది.

నరసాపురం ఇంటర్నెట్ సెంటర్ నుంచి ఆరుకు పది నిమిషాల ముందు ఫైలు పంపాను. అందిందని జవాబొచ్చింది. అప్‌డేట్ చేయబోయేవాళ్ళు ముందుగా డ్రైవర్లన్నీ పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించుకోండి. నా ఉద్యోగం నిలిచింది. ఆ మధ్యాహ్నం పిట్టలు ఎన్ని చేపలు ఎత్తుకెళ్ళాయో బావగారు చెప్పలేదు, నేను అడగలేకపోయాను.