ముందుమాట దాటని పుస్తకం

పోర్టు దగ్గర ఒక చిన్న షిప్పింగ్ ఆఫీసులో పనిచేసే రోజుల్లో, పక్క సీటు అమ్మాయినే పెళ్ళి చేసుకోవాలని నిశ్చయించుకున్నాను. ఆ అమ్మాయికీ ఇష్టమే. మా అమ్మకైతే మరీ ఇష్టం. ఇక మిగిలింది వాళ్ళ నాన్న. ఆయన గోదావరి జిల్లా నుంచి పోర్టు ఉద్యోగానికి వచ్చి, సీతమ్మధారలో ఇల్లు కట్టుకుని, రిటైరయ్యాక రోజూ పొద్దున్నే వరండాలో కూర్చుని ఉపనిషత్తులు ఇంగ్లీషులో చదివే మనిషి. మేమేమో చేపల వేట వాళ్ళం. నేను కంప్యూటర్ ముందు కూర్చున్నా, మా పెరట్లో వలలు ఇంకా ఆరుతూనే ఉంటాయి. నాన్న ఒప్పుకోకపోతే తను గడప దాటి రానని ఆ అమ్మాయి ముందే చెప్పేసింది.

"నాన్న జీతం అడగరు, మీ ఇంట్లో ఏం వండుతారో కూడా అడగరు. ఆ పుస్తకం గురించి అడుగుతారు. చదివేసి రా" అంది.

పరీక్షలు రాస్తూ పెరిగినవాణ్ణి, ఇదో లెక్కా అనుకున్నాను. ముందు తెలుగులో కొన్నాను. మంత్రం సంస్కృతంలో ఉంది, దాని తాత్పర్యమూ ఇంచుమించు సంస్కృతంలోనే ఉంది. ఒళ్ళు మండి, ఆయన చదివే ఇంగ్లీషు అనువాదమే ఆన్‌లైన్లో తెప్పించాను. మన ఋషులు చెప్పింది మనకి తెలియడానికి మధ్యలో ఇంగ్లీషు కావలసి వచ్చిందే అని కాసేపు ఉక్రోషపడ్డాను గానీ, పెళ్ళి ముందు ఉక్రోషం ఏపాటిది.

అసలు చిక్కు అనువాదకుడితో వచ్చింది. ఆయన ముందుమాట మొదలుపెట్టాడు, ఆపడం మరిచిపోయాడు. గాజువాక నుంచి ఆఫీసుకి సిటీ బస్సులో రోజూ చదివేవాణ్ణి. ఇవి ఏ కాలంలో పుట్టాయి, వ్యాఖ్యాతలు ఎక్కడెక్కడ పేచీ పడ్డారు, శిష్యులు గురువుకి దగ్గరగా జరిగి కూర్చుని ఎలా వినేవారు, అన్నీ చెబుతాడు. వాళ్ళు విన్నదేమిటో మాత్రం చెప్పడు. నా స్టాపు వచ్చేసరికి పుస్తకం ఒళ్ళో ఉండేది, తల కిటికీకి ఆని ఉండేది. ముందుమాట చివరికి చేరేసరికి అమ్మాయి వాళ్ళింటికి నన్ను రమ్మన్న ఆదివారం కూడా వచ్చేసింది.

పెద్దాయన నన్ను వరండాలో ఈ చివర, చెప్పుల స్టాండు పక్కన కుర్చీలో కూర్చోమన్నారు. ఆయన ఆ చివర కూర్చున్నారు. మధ్యలో బల్ల, దాని మీద ఆ పుస్తకం. అమ్మాయి వాళ్ళమ్మగారు జంతికలు పెట్టి లోపలికి వెళ్ళగానే ప్రశ్నలు మొదలయ్యాయి. నా అదృష్టం ఏమిటో, అడిగినవన్నీ నాకు వచ్చినవే. కాలం అడిగారు, చెప్పాను. వ్యాఖ్యాతల పేచీ అడిగారు, అదీ చెప్పాను. ఆయన ముఖం విప్పారింది. నాకు కాళ్ళు నేల మీద ఆనలేదు. మూడో జంతిక కోసం బల్ల వైపు వంగినప్పుడు మాత్రం ఆ పుస్తకాన్ని సరిగ్గా చూశాను. ముందరి కాగితాల అంచు వేళ్ళు తగిలి తగిలి మట్టిరంగుకి తిరిగి ఉంది. ఆ తర్వాతదంతా కొట్లోంచి తెచ్చిన నాటి తెలుపు. నా సంచిలో ఉన్న పుస్తకమూ అచ్చం అలాగే ఉంది.

నవ్వు తన్నుకొచ్చింది, మింగేశాను. నోరు మూసుకుంటే పెళ్ళి ఖాయం. కానీ ఈ మనిషితో బతికినంత కాలం ముందుమాటతోనే నెట్టుకురావాలి. పైగా ఆయన నాకు అప్పటికే నచ్చేశారు. నచ్చిన మనిషి దగ్గర నటించడం నాకు చేతకాదు. "ఇహ పుస్తకంలో అసలు విషయానికొస్తేనండి..." అని ఆయన నీళ్ళు నమలడం మొదలుపెట్టేసరికి ఆగలేకపోయాను.

"అంకుల్, నాను ముందుమాట దాటనేదండి."

లోపల గిన్నెల చప్పుడు ఆగింది. ఆయన గుమ్మం వైపు చూశారు, నా వైపు చూశారు, గొంతు బాగా తగ్గించారు.

"నేనూ దాటలేదండి. ఎన్నిసార్లు మొదలెట్టినా అక్కడికెళ్ళి ఆగిపోతానండి. ఒక్కణ్ణే చదువుకుంటుంటే, ఇది ఇలాగేనా అని అడగడానికి పక్కన ఓ మనిషుండాలి కదండీ. ఇంట్లో మాత్రం అనకండి."

ఇంట్లో అందరికీ ఎప్పటినుంచో తెలుసని తలుపు చాటున వినిపించిన నవ్వుతో తేలిపోయింది. పెద్దాయన చెవులు ఎర్రబడ్డాయి. నా పని అయిపోయిందనుకున్నాను. అనవసరంగా నిజం చెప్పానని నన్ను నేనే తిట్టుకున్నాను.

ఆయన పుస్తకం చేతిలోకి తీసుకుని, మట్టిరంగు ఆగిపోయిన చోట తెరిచారు. కొత్త కాగితాలు ఒకదానికొకటి అంటుకుని ఉంటే గోటితో విడదీశారు. కళ్ళజోడు సర్దుకుని మొదటి వాక్యం చదవబోయి, చెప్పుల పక్కన బిగుసుకుపోయి కూర్చున్న నన్ను చూసి ఆగారు.

"అంత దూరానికి ఏం వినపడుతుందండీ," అన్నారు. "కుర్చీ ఇలా దగ్గరికి లాక్కోండి, అల్లుడుగారూ."