మరిపెడ దీక్షలో ముఖాల్లేని ఫొటోలు

ఒక కానిస్టేబుల్ ఉద్యోగం ఊడగొట్టడానికి ఎన్ని మార్గాలున్నాయో నాకు తెలియదు గాని, ఒకటి మాత్రం నేనే కనిపెట్టాను. అదీ చప్పట్లు కొట్టించుకొని, మార్కులు వేయించుకొని మరీ! ఆ ఘనకార్యం చెప్పాలంటే తెలంగాణ ఉద్యమం ఊపు మీదున్న రోజులకు, నా పందొమ్మిదో ఏటికి మిమ్మల్ని తీసుకుపోవాలి.

అప్పుడు నేను హైదరాబాదులో ఫొటోగ్రఫీ చదువుతున్నాను. కెమెరా మెడలో పడ్డాక నాకు నేల కనిపించడం మానేసిందని మా అమ్మ అనేది. మా సారు క్లాసుకొక పని పెట్టాడు. "పేరున్న ఫొటోగ్రాఫర్ ఒకరిని ఎంచుకోండి. ఆయన చూపుతో మీ ఊరిని చూసి పది ఫొటోలు తీసుకురండి."

తోటివాళ్లు కొండలు తీసేవాళ్లను, పక్షులు తీసేవాళ్లను ఎంచుకున్నారు. నేను మాత్రం నోరు తిరగని పేరున్న ఒక విదేశీ పెద్దమనిషిని పట్టుకున్నాను. ఆయన ముఖాలు తీయడు. చేతులు, పాదాలు, నీడలు, అంతే. అవీ నలుపు తెలుపుల్లో. ఇంతకంటే గొప్ప కళ ఉండదని నాకు ఒక్కరాత్రిలో తెలిసిపోయింది. ఆ వయసులో అన్నీ అట్లాగే తెలిసిపోతాయి లెండి.

మా ఊరు మరిపెడలో రోడ్డు పక్కన దీక్షా శిబిరం ఉండేది. రోజుకొక జట్టు పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఉపవాసం కూర్చునేది. నేను వెళ్లిన రోజు మహిళా సంఘం వంతు. పన్నెండు మంది ఆడవాళ్లు, వాళ్లకు పెద్ద సోమవ్వ. మా అమ్మ కూడా అందులోనే ఉంది. కెమెరా వస్తోందని తెలిసి అందరూ పెట్టె అడుగున దాచుకున్న చీరలు కట్టుకొని, పసుపు రాసుకొని, పూలు పెట్టుకొని కూర్చున్నారు. ఉపవాసానికి వచ్చినట్టు లేదు, పెళ్లికి వచ్చినట్టుంది.

"బిడ్డా, నా మొఖం జర తెల్లగ రానియ్యి" అంది సోమవ్వ.

"మొఖం సంగతి నాకు వదిలెయ్ అవ్వా" అన్నాను.

పాపం, నమ్మింది.

ఆ రోజు నేను చెప్పుల మధ్య బోర్లా పడుకొని మడమలు తీశాను. టెంటు బయట నిలబడి నీడలు తీశాను. డప్పు మోగుతోంది, పాట సాగుతోంది. "జై తెలంగాణ" అనగానే చేతులన్నీ లేచాయి. అన్నిటికంటే వెనక, అన్నిటికంటే పైకి, ఆకాశాన్ని గుద్దుతున్నట్టు ఒక పిడికిలి! మణికట్టు దాకా మాత్రమే కనిపించేలా నొక్కేశాను. అది ఎవరిదని చూడలేదు. కళాకారులకు అలాంటి చిన్న విషయాలు పట్టవు కదా.

ఆ ఫొటో కింద "అమ్మ చెయ్యి" అని రాసి ఇచ్చాను. మా సారు కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. "ఈ చేతిలో ఒక తల్లి జీవితమంతా ఉంది" అన్నాడు. క్లాసంతా చప్పట్లు.

ఇక ఆగుతానా? పదింటినీ కింద రాసిన పేర్లతో సహా పెద్దవి చేయించి, మహిళా సంఘం వంతు మళ్లీ వచ్చిన రోజుకు మరిపెడ చేరాను. టెంటులో తాడు కట్టి, బట్టలారేసే క్లిప్పులతో వరసగా వేలాడదీసి పక్కకు జరిగాను.

అందరూ తాడు ఈ చివర నుంచి ఆ చివర దాకా వెతికారు.

"ఫొటోలేవి బిడ్డా?" అంది సోమవ్వ చివరికి.

"ఇవే అవ్వా."

"గివా? గీ చెప్పులెవరియే?"

"నాయి గావు. నాయి తెగినయి" అంది ఒకామె.

"నేనేడున్ననే?" అని అడిగింది మా అమ్మ. చూపించాను. కాసేపు దగ్గరికెళ్లి చూసింది. "నవమాసాలు మోసి కంటే, కన్నబిడ్డకు నేను మోచెయ్యి లెక్క కనిపించిన్నా?"

నా కళ అంతా నా కళ్ల ముందే బట్టల తాడు మీద ఆరిపోయింది. వాళ్లు మాత్రం నవ్వుతూ, తిడుతూ ఏ కాలు ఎవరిదో తేల్చుకోవడంలో పడ్డారు. ఒక మడమ నాదంటే నాదని ఇద్దరు వాదులాడుకున్నారు. అలా వరసగా వచ్చి పదో ఫొటో దగ్గర, ఆ పిడికిలి ముందు ఆగారు.

"గిది మనోళ్లది కాదు" అంది సోమవ్వ.

"ఎట్ల చెప్తవ్?"

"గిన్ని వెంట్రుకలు మనల ఎవరికున్నయే?"

అందరి తలలూ మెల్లగా ఒకే వైపు తిరిగాయి. టెంటు మూలన, ప్లాస్టిక్ కుర్చీలో, శిబిరం దగ్గర రోజూ డ్యూటీ చేసే కానిస్టేబుల్ యాదగిరి. జనగామ వైపు పిల్లవాడు, కొత్త నౌకరి, ఇంట్లో పసిబిడ్డ. అతని ముఖంలో నెత్తురు లేదు.

"అక్కా, జర గది తియ్యుండ్రి. మా ఎస్సై సారు చూస్తే నా నౌకరి పోతది. చెయ్యి నేను లేపలే. అదే లేసింది!"

క్లిప్పు తీద్దామని నేను చెయ్యి చాపేసరికి జీపు వచ్చి ఆగింది. ఎస్సై దిగి, చేతులు వెనక్కి కట్టుకొని, ఒక్కో ఫొటో చూసుకుంటూ వచ్చి పదోదాని ముందు నిలబడ్డాడు. మణికట్టు దగ్గర చొక్కా అంచు, గుండీ స్పష్టంగా కనిపిస్తున్నాయి. అంత చక్కగా ఫోకస్ నాకు మళ్లీ ఎప్పుడూ కుదరలేదు.

"గీ చెయ్యి ఎవరిది?"

నేను నోరు తెరిచేలోపు సోమవ్వ లేచింది. "నాదే సారూ."

"నీదా? గీ వెంట్రుకలేంది?"

"యాభై ఏండ్లు నాట్లేసిన చెయ్యి. గడ్డి మొలవకుంటె అదే ఎక్కువ."

"మరి గీ అంగి?"

"మా ఆయనది. చలివెట్టి తొడుక్కున్న. అయినా కింద అమ్మ చెయ్యని రాసే ఉన్నది గదా. సదువుకున్నోళ్లు, మీకు నేను జెప్పాల్నా?"

ఎస్సై ఫొటో చూశాడు. సోమవ్వను చూశాడు. రెండు చేతులూ వీపు వెనక దాచుకున్న యాదగిరిని చాలాసేపు చూశాడు. తర్వాత జీపెక్కుతూ వెనక్కి తిరిగి అన్నాడు:

"అవ్వా, నీ చేతికి జర చెప్పు. డ్యూటీల ఉన్నప్పుడు కిందికే ఉండాలె."

జీపు మలుపు తిరిగేదాకా ఊపిరి బిగబట్టిన టెంటు ఒక్కసారి పగలబడి నవ్వింది. యాదగిరి నవ్వాడో ఏడ్చాడో నాకు తెలియలేదు.

ఆ మధ్యాహ్నమే పన్నెండు మందినీ వరసగా నిలబెట్టి, రేషన్ కార్డుకు దిగినట్టు బిగుసుకుపోయిన ముఖాలను, రంగుల్లో, ఒక్కొక్కటిగా తీశాను. ఏ కళా లేని ఆ ఫొటోలే ఇప్పటికీ ఆ ఇళ్ల గోడల మీద ఉన్నాయి. సోమవ్వది కొంచెం తెల్లగానే వచ్చింది.

కెమెరా మీద చెయ్యివేసి, సూర్యచంద్రుల సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను: ముఖం అడిగినవాళ్లకు మోచెయ్యి ఇవ్వను. పిడికిలి కనిపిస్తే ముందు దానికి ఉద్యోగం ఉందో లేదో కనుక్కుంటాను. వెంట్రుకలు లెక్కపెట్టకుండా ఇక ఏ చేతినీ అమ్మను చేయను.