మంట తెలియని పాదాలు

ఇప్పుడు మీరు చదవబోయేది ఒక మహాయుద్ధం. ఇందులో ఆకాశమార్గాన దూసుకుపోయే అస్త్రాలున్నాయి. కనుచూపు మేర ఎర్రబారిన రణరంగం ఉంది. ఒక గొంతు కోసం ఊళ్లకు ఊళ్లు చెవులు రిక్కించిన ఘట్టం ఉంది. వైద్యశాస్త్రం ఒకపక్క, సాక్షాత్తు యముడు ఒకపక్క.

అంత లేదు. అస్త్రాలంటే మా కమ్యూనిటీ రేడియో తరంగాలు. అవి ప్రత్తిపాడు దాటి కాస్త దూరం పోయేసరికి అలిసిపోయి గరగరమంటాయి. రణరంగం మిరపకాయలు ఆరబోసిన కల్లం. జనం చెవులు రిక్కించింది సిగ్నల్ సరిగా అందక. ఇక యుద్ధం దేనికోసమంటే మా మేనత్త ఎడమ పాదం కోసం. యుద్ధం జరుగుతోందని ఆమెకు చాలాకాలం తెలియదు. తెలిశాక అవతలి పక్షంలో చేరింది.

డిగ్రీ అయిపోయి ఖాళీగా ఉండటం, మాటలు ఎక్కువ కావడం అనే రెండు అర్హతలతో నేను ఆ రేడియోలో చేరాను. స్టేషనంటే విత్తనాల కొట్టు మీద మేడగది. బయటి చప్పుడు రాకుండా గోడలకు పాత బొంతలు కొట్టాం. కింది కొట్టులోంచి పురుగుమందు వాసన మెట్లెక్కి పైకొచ్చేది. ఆ వాసన పీలుస్తూ కూర్చుని వారం వారం ఆరోగ్యం గురించి మాట్లాడేవాళ్లం. గుంటూరు నుంచి ఒక డాక్టరు గారు బస్సులో వచ్చేవారు. యాభై దాటిన మనిషి. జీతం లేదు, భత్యం లేదు. వచ్చిన వారమల్లా ఓపిగ్గా చెప్పిందే చెప్పేవారు. టీ మాత్రం చక్కెర లేకుండా తాగేవారు. ఆవిడలో ఊరు కనిపెట్టిన ఏకైక లోపం అదే.

కార్యక్రమం చివర శ్రోతలు ఫోన్లు చేసేవారు.

"డాక్టరు గారండీ, మా గేదె చూలు నిలవట్లేదండి."

"నేను మనుషుల డాక్టర్నండి."

"తెలుసండి. పశువుల డాక్టరు ఫోనెత్తట్లేదండి."

ఇంకొకాయన రక్తపోటు గురించి చెప్పిందంతా శ్రద్ధగా విన్నాడు. "అయితే ఉప్పు తగ్గించమంటారు," అన్నాడు. ఆవిడ సంతోషపడి అవునన్నారు. "ఊరగాయలో ఉప్పు ఇందులోకి రాదు కదండీ?" అన్నాడు. డాక్టరు గారు నా వైపు చూశారు. నేను పాట వేశాను.

మా మేనత్త, అంటే మా నాన్నకి అక్క, మా వెనక వీధిలో ఒక్కతే ఉండేది. మిరప కోతలు మొదలైన దగ్గర్నుంచీ ఆమె బతుకంతా కల్లంలోనే. కోసిన కాయని చేను పక్కన చదునుచేసిన నేల మీద పరుస్తారు. ఆడవాళ్లు అందులో కాళ్లు ఈడ్చుకుంటూ నడిచి కాయని తిరగేస్తారు, తర్వాత కూర్చుని రంగుపోయిన తాలుకాయల్ని ఏరేస్తారు. చెప్పులతో కల్లంలో ఎవరూ అడుగు పెట్టరు. పంట లక్ష్మీదేవి. పైగా చెప్పు కింద కాయ చిట్లితే గింజ రాలి ధర పడిపోతుంది. భక్తికీ మార్కెట్ యార్డుకీ ఇంత చక్కటి పొత్తు కుదిరిన చోటు నేనింకోటి చూడలేదు.

కొత్తగా పనికొచ్చిన వాళ్లకి సాయంత్రానికి అరికాళ్లు భగభగమంటాయి. మజ్జిగలో కాళ్లు పెట్టుకుని ఏడుస్తారు. మా అత్త మాత్రం పొద్దుటి నుంచీ పొద్దుగూకేదాకా నడిచి, పరుపు మీంచి దిగినట్టు బయటికొచ్చేది. ఆ పాదాలు మా చుట్టుపక్కల ప్రసిద్ధం. కొత్తవాళ్లకి వాటిని చూపించి ధైర్యం చెప్పేవాళ్లు.

ఆడవాళ్లు స్టేషనుకి రారు కాబట్టి నేనే రికార్డరు తీసుకుని కల్లానికి వెళ్లాను. శ్రమజీవుల ఆరోగ్య రహస్యాలు అనో ఏదో పెద్ద పేరు పెట్టుకున్నాను.

"నీ ఆరోగ్య రహస్యం ఏంటత్తా?"

"ముందు ఆ మైకు కాస్త వెనక్కి తియ్యరా అల్లుడూ. పళ్లు తోమడానికొచ్చినట్టున్నావు."

తీశాను. అత్త సర్దుక్కూర్చుంది.

"మొదట్లో నేనూ ఏడ్చేదాన్ని. ఇప్పుడు మిరపకాయే నన్ను చూసి ఏడవాలి. మడమ పగుల్లో గింజ దూరినా నాకు తెలీదు. అలవాటైపోయింది."

"ఆమెవి కాళ్లు కాదు నాయనా, రోకళ్లు," అంది పక్కనావిడ.

"నీకెందుకే అంత కుళ్లు?"

కల్లమంతా నవ్వులు. నా రేడియో జీవితంలో అంత మంచి రికార్డింగు రాలేదనుకుంటూ బండి మీద పాడుకుంటూ వెనక్కొచ్చాను.

డాక్టరు గారు హెడ్‌ఫోన్లు చెవులకు తగిలించుకుని ఆ రికార్డింగు విన్నారు. నవ్వలేదు. గింజ దూరినా తెలీదన్న ముక్క మళ్లీ వేయమన్నారు. మళ్లీ నవ్వలేదు.

"ఈమెకి షుగరుందా?"

"ఉందండి. మాత్రలు కూడా ఉన్నాయండి."

"వేసుకుంటారా?"

"ఒంట్లో బాగోనప్పుడు వేసుకుంటుందండి."

ఆవిడ కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. "మంట అలవాటు కాలేదయ్యా. మంటగా ఉందని చెప్పే నరాలే చచ్చుబడిపోయాయి. రేపు మేకు దిగినా ఆమెకి తెలియదు. తెలిసేసరికి కాలు తీసెయ్యాల్సొస్తుంది."

ఆ వారం ప్రసారంలో అత్త మాటల వెంటనే డాక్టరు గారు అదే చెప్పారు. పాదాలకి మంట తెలియకపోతే అది గొప్ప కాదు, జబ్బు. వెంటనే చూపించుకోండి. చెప్పుల్లేకుండా అడుగు తీసి అడుగు వేయకండి. పేరు మాత్రం చెప్పలేదు. మా ఊళ్లో పేరెందుకు, దగ్గు వినిపిస్తే ఇంటి నంబరు చెప్తారు.

కార్యక్రమం అయ్యీ కాకముందే అత్త మా వాకిట్లో ఉంది.

"ఏరా, నా కాళ్లు చచ్చిపోయాయని ఊరంతా చాటింపేయిస్తావా?"

"కాళ్లు కాదత్తా, నరాలు."

"మరి నీ నాలిక్కున్న నరం చావలేదేం?"

డాక్టరు గారు ఆమె కోసం మెత్తటి అడుగున్న నల్ల చెప్పులు పంపించారు. విసిరికొడుతుందనుకున్నాను. తీసుకుంది. తొడుక్కుని చూసుకుని బాగున్నాయంది కూడా. ఆరోగ్య ప్రచారం గెలిచిందని స్టేషన్లో అందరికీ టీ చెప్పాను.

రెండ్రోజులు పోయాక కల్లానికి వెళ్తే గట్టు మీద ఆ చెప్పులు పక్కపక్కన బుద్ధిగా ఉన్నాయి. అత్త కల్లం మధ్యలో ఉంది.

"ఇదేంటత్తా?"

"నడిచేటప్పుడు వేసుకోమంది కదరా మీ డాక్టరమ్మ. ఇంటి దగ్గర్నుంచి ఇక్కడిదాకా వేసుకునే నడిచాను."

"ఇప్పుడు చేస్తున్నదేంటి మరి?"

"ఇది నడకా? ఇది పని."

వాదనలో ఆమెను గెలిచినవాడు మా వంశంలో లేడు. అందుకని చేను ఆసామి దగ్గరికి వెళ్లాను. ఈ ఒక్క మనిషిని చెప్పులతో రానివ్వండి అని అడిగాను. ఆయన దుర్మార్గుడైతే ఈ కథ కొంచెం రక్తి కట్టేది. పాపం మంచివాడు.

"నాకేం లేదయ్యా. మీ రేడియో నేనూ వింటాను. కానీ ఒకర్ని రానిస్తే రేపు అందరూ తొడుక్కొస్తారు. కాయ చితికితే యార్డులో నన్నడుగుతారు గానీ మీ డాక్టరు గార్ని అడగరు కదా. పోనీ ఈ ఏడాదికి ఆమెని ఇంటి దగ్గర కూర్చోమను."

ఆ మాట మోసుకొచ్చాను. "కూర్చుంటే మీ రేడియో అన్నం పెడుతుందా?" అంది అత్త. టీ అయితే ఇవ్వగలం అన్నాను. అదీ చక్కెర లేకుండా. మెటికలు విరిచి తిట్టింది.

కల్లం చుట్టూ మేకలు రాకుండా తుమ్మకంప పెడతారు. ఒక సాయంత్రం ఉన్నట్టుండి మబ్బు పట్టింది. తడిస్తే కాయ బూజు పడుతుంది. అందరూ పట్టాలు కప్పడానికి పరుగు. అందరికన్నా ముందు మా అత్త, కంప మీంచే. కాయంతా కప్పేశారు. చుక్క వాన పడలేదు. ముల్లు మాత్రం అరికాల్లో విరిగి ఉండిపోయింది. ఆ సంగతి ఆమె కాలికి తెలుసు గానీ ఆమెకు తెలియదు. చెప్పే దారి లేదు. దాంతోనే మిరపకాయల్లో రోజూ నడిచింది.

కాలు వాస్తే ఎండదెబ్బ అనుకుంది. నేను ఒకరోజు ఆమె మంచం చివర కూర్చున్నాను. వాసన తగిలింది. పాదం ఎత్తి చూసి, "ఇదేంటత్తా?" అన్నాను.

"ఏది?" అంది. ఒంగి, పక్కింటివాళ్ల కాలు చూసినట్టు చూసుకుంది.

గుంటూరు తీసుకెళ్లాం. ముందు వేళ్లు తీసెయ్యాలన్నారు. తర్వాత పాదం సగం అన్నారు. తర్వాత మోకాలి కిందికి అన్నారు. బస్సు టికెట్టులా స్టేజీ స్టేజీకీ పెరిగింది. డాక్టరు గారు వార్డుకొచ్చి మంచం పక్కన నిలబడ్డారు. నేను చెప్పానా అనలేదు. అని ఉంటే నాకు కొంచెం తేలిగ్గా ఉండేది; కనీసం ఆవిడ మీద కోపం తెచ్చుకునేవాణ్ణి.

ఇంత జరిగాక అయినా జనం వింటారనుకున్నాం. పాదాల సంరక్షణ గురించి వరసగా కార్యక్రమాలు చేద్దామని మళ్లీ కల్లానికి వెళ్లాను. మైకు బయటికి తీయగానే ఆడవాళ్లు కొంగులు ముఖానికి అడ్డం పెట్టుకున్నారు.

"మమ్మల్నొదిలెయ్ నాయనా," అంది ఆ పక్కనావిడ. "రేడియోలో కాళ్ల గురించి అంత గొప్పగా చెప్పుకుంది మహాతల్లి. ఎంతమంది విన్నారో, ఎన్ని కళ్లు పడ్డాయో. దిష్టి కాకపోతే ఏంటి?"

మా శ్రోతల సంఖ్య మీద అంత నమ్మకం మా స్టేషన్లో కూడా ఎవరికీ లేదు.

కిందికి చూశాను. ఒక్కరి కాలికీ చెప్పు రాలేదు. కానీ ప్రతి చీలమండకీ కొత్త నల్లదారం వచ్చింది. డాక్టరు గారితో చెప్పాను. "బిగుతుగా కట్టుకోవద్దని చెప్పు, రక్తం ఆడదు," అన్నారు. అది ప్రసారం చేశాం. మేం ఇచ్చిన సలహాల్లో అందరూ పాటించింది ఆ ఒక్కటే.

అత్తని ఇంటికి తీసుకొచ్చాం. వాకిట్లో కుర్చీలో కూర్చుని, తీసేసిన కాలు ఉండాల్సిన చోటు వైపు గుర్రుగా చూస్తూ ఉండేది.

"మండుతోందిరా అల్లుడూ."

"ఎక్కడ?"

"పాదం. మిరపకాయ నూరి రాసినట్టుంది."

పాదం లేదు. డాక్టరు గార్ని అడిగితే అలా జరుగుతుందన్నారు. కాలు పోయినా మెదడుకి ఇంకా ఉన్నట్టే ఉంటుందట. ఆ ముక్కే అత్తకి చెప్పాను. అత్త ఆ ఖాళీ చోటు వైపు మళ్లీ గుర్రుగా చూసింది.

"ఆ మండేదేదో ఉన్నప్పుడు మండి చావొచ్చు కదరా," అంది.

 

కిందటి వారం డాక్టరు గారు ఇంటికొచ్చి కుడి పాదం పరీక్ష చేశారు. అత్తని కళ్లు మూసుకోమని, సన్నటి పుల్ల ఒకటి చేతిలోకి తీసుకున్నారు. తగిలినప్పుడు చెప్పమన్నారు.

"తగిలింది," అంది అత్త వెంటనే.

డాక్టరు గారు ఇంకా పుల్ల తాకించలేదు. తర్వాత తాకించారు, బొటనవేలి కింద, మడమ దగ్గర. అత్త అప్పుడేమీ అనలేదు. కొంచెం ఆగి, కళ్లు మూసుకునే మళ్లీ "తగిలింది," అంది, పరీక్ష పాసైన గొంతుతో. డాక్టరు గారు పుల్ల సంచిలో పెట్టుకుని మంచినీళ్లడిగారు.

వచ్చే కోతలకి నడవగలనా అని అత్త రోజూ అడుగుతుంది. ముందు పెట్టుడు కాలు రానీ అంటాను. దానికి కొలతలు గుంటూరులో మంగళవారాలే తీసుకుంటారు. ఆధార్, రేషన్ కార్డు జిరాక్సులు రెండేసి ఇక్కడే తీయించుకుని వెళ్లాలి. అక్కడ మెషిను లేదు.