ఫాన్ డెర్ హైడ: ఒక ఇంటిపేరు కోసం బరోసాకి

సిడ్నీ శివార్లలో మేముండే టూంగాబీలో పొద్దున ఆరుంబావుకి రైలెక్కాను. యూనివర్సిటీకి వారం సెలవులు. స్నేహితులు బీచ్‌లకి వెళ్తుంటే నేను వాల్టర్ గారి ఇంటిపేరు వెతకడానికి దక్షిణ ఆస్ట్రేలియాలోని బరోసా లోయకి బయల్దేరాను.

వాల్టర్ హైడ గారికి ఎనభై తొమ్మిదేళ్ళు. మా పక్కనే పారమట్టాలో శని, ఆదివారాలు నేను పనిచేసే వృద్ధాశ్రమంలో ఉంటారు. పూర్వీకులు జర్మనీ నుంచి బరోసాకి వలస వచ్చినవాళ్ళు. ఆయన తమ్ముడు ఎర్నెస్ట్ బరోసాలో ద్రాక్షతోట చేసుకుంటూ, తన పేరు 'ఫాన్ డెర్ హైడ' అని రాసుకుంటారు. ఫాన్ ఉంటే దొరల వంశమని ఎర్నెస్ట్ గారి నమ్మకం. ఓ పెళ్ళిలో వాల్టర్ గారు అందరి ముందూ, "దొరగారు వేంచేశారు, లేవండి" అని ఎగతాళి చేశారట. ఇరవై ఏళ్ళుగా అన్నదమ్ములకి మాటల్లేవు.

"నా సమాధి రాయి మీద ఏ పేరు చెక్కించాలో తెలియాలమ్మాయ్. బరోసాలో మా ఊరు టనుండా లూథరన్ చర్చి రిజిస్టర్ చూసి రా" అన్నారు వాల్టర్ గారు. మాదీ గుంటూరులో లూథరన్ కుటుంబమే. సరేనన్నాను.

అడిలైడ్‌కి తొమ్మిదిన్నర విమానం. అడిలైడ్ గడియారం సిడ్నీకంటే అరగంట వెనక కాబట్టి పదకొండూ పదికే దిగాను. సిడ్నీ రైళ్ళకీ బస్సులకీ వాడే ఓపల్ కార్డు అక్కడ చెల్లదు, టికెట్ విడిగా కొనుక్కోవాలి. గాలర్ దాకా రైలు, ఆపైన బస్సు. బస్టాపులో పులిహోర డబ్బా తెరిచి, పక్కనున్న పెద్దావిడని అడిగాను, "టనుండాలో ఇంకా జర్మన్లు ఉన్నారా?"

"అందరం జర్మన్లమే అమ్మాయ్. జర్మన్ భాష మాత్రం ఒక్కరికీ రాదు."

మూడింటికి టనుండా చేరాను. చర్చి రిజిస్టర్లు చూసుకునే గ్రేటా గారు తలుపు తీశారు. ఆవిడకి మాత్రం జర్మన్ వచ్చు.

"ఫాన్ అంటే 'నుంచి', అంతే" అన్నారు పేజీలు తిప్పుతూ. "దొరలు తమ ఊళ్ళ పేర్ల ముందు పెట్టుకున్నారు. ఉత్తరాదిన రైతులకీ ఉండేది, ఎక్కణ్ణుంచి వచ్చారో చెప్పడానికి."

"ఇప్పుడో?"

"జర్మనీలో చట్టం దొరతనాన్ని తీసేసింది. ఫాన్ ఇంటిపేరులో ఒక ముక్కగా మిగిలింది. ఆస్ట్రియాలో ఆ ముక్క కూడా ఉంచలేదు."

ఆవిడ వేలు ఒకచోట ఆగింది. వాల్టర్ గారి తాతయ్య బాప్తిస్మం. తండ్రి పేరు: యోహాన్ ఫాన్ డెర్ హైడ. వృత్తి: గొర్రెల కాపరి. మొదటి ప్రపంచయుద్ధం నాటి పేజీలో అదే కుటుంబం ఉత్త 'హైడ' అయింది.

"అప్పుడు జర్మన్ పేరంటే భయం. ఊళ్ళ పేర్లే మార్చేశారు" అన్నారు గ్రేటా.

అంటే పేరులో ఫాన్ ఉందన్న తమ్ముడి మాటా నిజమే, మనం దొరలం కాదన్న అన్న మాటా నిజమే.

గ్రేటా గారు ఫోన్ చేస్తే పావుగంటలో ఎర్నెస్ట్ గారు మట్టి బూట్లతో వచ్చారు. యోహాన్ పేరున్న పంక్తి మూడుసార్లు చదివించుకుని, బల్ల మీద కూలబడ్డారు.

"హైడ అంటే ఏమిటి?" అడిగారు నెమ్మదిగా.

"బీడు" అన్నారు గ్రేటా. "బీడు నుంచి వచ్చినవాళ్ళు."

నేను వాల్టర్ గారికి ఫోన్ కలిపి, ఏమంటారోనని భయపడుతూనే ఎర్నెస్ట్ గారి చేతికిచ్చాను.

"వాల్టర్, నేను ఎర్నీని. మనం గొర్రెల కాపరులం, మేట్."

స్పీకర్‌లో అవతల ఆశ్రమం టీవీ మోగుతోంది. ఆ మోతలోంచి వాల్టర్ గారి గొంతు వచ్చింది. "ఎవరి గొర్రెలు?"

"వేరేవాళ్ళవి."

అన్న పకపకా నవ్వారు. తమ్ముడు నవ్వబోయి ఏడ్చేశారు. నేనూ గ్రేటా గారూ బయటికి వచ్చేశాం.

ఆ పూట ఎర్నెస్ట్ గారింట్లోనే భోజనం, బస. మర్నాడు పొద్దున్నే వాల్టర్ గారు నాకు ఫోన్ చేశారు. "రాయి సంగతి తర్వాత చూద్దాం. వాడు వచ్చే నెల సిడ్నీ వస్తున్నాడు. ఇక్కడ టీ బాగుండదని ముందే చెప్పు."

అడిలైడ్ విమానాశ్రయంలో కూర్చుని అమ్మకి ఫోన్ చేశాను. "అమ్మా, మన ఇంటిపేరు తాడికొండ కదా. ఆ ఊళ్ళో మనవాళ్ళెవరన్నా ఉన్నారా?"

"ఎవరూ లేరే. గుంటూరు పక్కనేగా, అయినా మీ తాతయ్యా ఎప్పుడూ వెళ్ళలా, మేమూ వెళ్ళలా. ఇప్పుడెందుకే?"

ఇంకొకరి బీడు కోసం విమానం, రైలు, బస్సు ఎక్కి వచ్చాను. నా పేరు ముందున్న ఊరికి గుంటూరు నుంచి ఒక్క బస్సు చాలు, అదీ ఎక్కలేదు.

"ఏం లేదులే. తాడికొండకి బస్సులు ఎన్నింటికో నాన్నని కనుక్కోమను" అన్నాను.