ఒక్క గుండీ

ఒమాన్‌లోని సోహార్‌లో నాకు పరిచయమైన జగిత్యాల మేస్త్రి నోట ‘కాదు’ అన్న మాట నేనెన్నడూ వినలేదు. ఏ పని అడిగినా “అయితది సార్” అనేవాడు. గల్ఫ్ వీసా కోసం పనితనం చూసే ట్రేడ్ టెస్టులో అలవాటైన జవాబు అది.

సైట్‌లో పరంజా కూలి అతని కుడిచేయి చచ్చుబడింది. కంపెనీ సహాయ నిధిని మొదట్లో అతను అవసరాన్ని బట్టి థెరపీకో, టాక్సీకో వాడుకునేవాడు. తరువాత నిబంధన మారింది. ఏ పనీ చేసుకోలేడని పరీక్షలో తేలితేనే సాయం. అదే కంపెనీ ల్యాబ్‌లో పనిచేసే నేను ఆ పరీక్షకు దుబాసీగా వెంట వెళ్లాను.

చొక్కా గుండీలు పెట్టుకోగలడా అని పరీక్షాధికారి ఇంగ్లీషులో అడిగి, సైగ చేశాడు. నేను నోరు విప్పకముందే మేస్త్రి “అయితది సార్” అన్నాడు. ఎడమచేత్తో, పళ్లతో, చెమటలు కక్కుతూ ఒక్క గుండీ పెట్టాడు. దుస్తులు స్వయంగా ధరించగలడని అధికారి రాసుకున్నాడు.

బయటికి రాగానే మేస్త్రి నవ్వాడు. “పాసైన గద సార్!”

“పాసైతే సాయం ఆగిపోతుందయ్యా. రోజూ నీకు గుండీలు పెట్టేది నీ రూమ్మేట్ కదా?”

అతని నవ్వు ఆరిపోయింది. “కాదంటె ఇంటికి తోలిస్తరని బుగులైంది. మీరు పక్కకే ఉంటిరి, మీరన్న చెప్పకపోతిరి.”

ల్యాబ్‌లో ఒక్క కొలతను ఫలితంగా నేనెన్నడూ ఒప్పుకోను. మిగిలిన ఐదు గుండీల సంగతి మాత్రం అధికారీ అడగలేదు, నేనూ ఎత్తలేదు.

“థెరపీ లేకుంటె చెయ్యి మంచిగైతదా సార్?”

ఏ రుజువూ లేకుండానే “అయితది” అన్నాను.