బెత్తెడు పెద్ద తలుపు

తుప్పంటే హజరత్తయ్యకు కోపం లేదు. ఇనుముకు తుప్పే పట్టకపోతే తన ఇంటి పొయ్యిలో పిల్లి లేవదని అతనికి బాగా తెలుసు. బోగోలు దగ్గర హైవే పక్కన అతని షెడ్డు. అక్కడికి సముద్రం కనపడదు గానీ సముద్రం చేసే పని కనపడుతుంది. నిన్నగాక మొన్న బిగించిన గేటు గొళ్ళెం మీద, కిటికీ చువ్వల మీద, ఏడాది తిరగని స్కూటరు అడుగున ఎర్రగా పొడి రాలుతూ ఉంటుంది. "ఈ గాలి బంగారాన్ని ఒక్కదాన్నే వదిలిపెడతాది, అదేమో మనింట్లో లేకపాయె" అంటుంది అతని భార్య పేరమ్మ. ఆమె నోటికి మాత్రం ఏ గాలికీ తుప్పు పట్టదు.

హజరత్తయ్య టింకరు. బండ్ల సొట్టలు తీస్తాడు, పుచ్చిన రేకు కోసేసి కొత్త రేకు అతుకుతాడు. పుట్టింది మాత్రం పడవలు కట్టే ఇంట్లో. ఫైబరు పడవలొచ్చి ఆ ఇంటివాళ్ళ నోట్లో మట్టి కొట్టాక, కావలిలో ఒక లారీల షెడ్డులో చేరి రేకు పని నేర్చుకున్నాడు. చెక్క పోయి రేకు వచ్చింది గానీ చేతి తీరు మారలేదు. ఏ బండి వచ్చినా ముందు సుత్తి ముట్టడు. కళ్ళు మూసుకొని అరచేత్తో దాని ఒళ్ళంతా తడుముతాడు. బండికి దిష్టి తీస్తున్నాడా, కితకితలు పెడుతున్నాడా అని చూసేవాళ్ళకు అనుమానం వస్తుంది.

ఇప్పటి బండ్లు ఒక అచ్చులోంచి వేలకు వేలు ఊడిపడతాయి. ఒకదాని తలుపు ఇంకోదానికి పడుతుంది. పాతకాలంలో కొన్ని అలా కాదు. కంపెనీ ఇంజనూ చక్రాలూ మాత్రం అమ్మేది. పైన ఒళ్ళంతా మేస్త్రీలు కట్టేవాళ్ళు. టేకు చట్రం చేసి, దాని మీద రేకును సుత్తితో సాగదీసి, వంచి, మేకులతో బిగించేవాళ్ళు. అలాంటి బండికి తోబుట్టువులుండరు. దాని తలుపు పోయిందంటే లోకంలో ఎక్కడ వెతికినా ఇంకో తలుపు దొరకదు. ఇలాంటివి బాగు చేస్తాడని పేరు రావడంతో హజరత్తయ్య షెడ్డుకు చెన్నై నుంచి కూడా బండ్లు వచ్చేవి. వాటిలో ఏదీ ఇప్పుడు చెప్పబోయే దానికి సాటి రాదు.

అది కోవూరు నుంచి లారీ మీద వచ్చింది. మధుబాబు అనే రైతుది. వాళ్ళ తాత మద్రాసులో చెప్పి కట్టించుకున్న కారు. తాత పోయాక దాన్ని వడ్ల కొట్టంలో గోడకు ఆనించి పెట్టి మర్చిపోయారు. గోడ వైపున్న కుడి పక్క బతికింది. ఎడమ పక్క మీద కొట్టం చూరు కూలి, ఎన్నో వానలు తిన్నది. ఆ పక్క వెనక తలుపును హజరత్తయ్య వేలితో తడితే వేలు లోపలికి దిగింది. రేకు పిడికిట్లో అప్పడంలా నలిగింది.

కానీ కుడి పక్క తడిమినప్పుడు అతని చెయ్యి ఆగిపోయింది. మడ్‌గార్డు మీంచి తలుపు మీదికి, తలుపు మీంచి ముందుకు, అరచెయ్యి ఎక్కడా తట్టుకోకుండా జారింది. ఎక్కడ ఏ రేకు ముగిసిందో, ఎక్కడ ఏది మొదలైందో తెలియలేదు. లప్పం పెట్టి కప్పిన నునుపు కాదది, సుత్తి దెబ్బతో తెచ్చిన నునుపు. హజరత్తయ్య కళ్ళు తెరిచి, "మే, ఈ పని చేసినోడు మనిషి కాదు మే" అన్నాడు. పేరమ్మ కూడా వచ్చి తడిమి చూసింది. ఎన్నడూ లేంది, ఆమెకు ఎగతాళి చేసే మాట తోచలేదు.

పని మొదలైంది. ఇక్కడే పడవల ఇంటి బుద్ధి అడ్డం తిరిగింది. పడవకు రెండు పక్కలూ ఒకటిగా ఉండి తీరాలి. ఒక పక్క ఏ కాస్త బొద్దుగా ఉన్నా ఆ పడవ బతికినన్నాళ్ళూ అటే లాగి, నడిపేవాడి ప్రాణం తోడేస్తుంది. అందుకని హజరత్తయ్య నాయన ఒక పక్కకు అచ్చు కోసి, దాన్నే తిరగేసి రెండో పక్క కట్టేవాడు. కొడుకూ అదే చేశాడు. బాగున్న కుడి పక్కకు అట్టతో అచ్చు తీశాడు. ఇక ఎడమ పక్క పుచ్చు రేకుతో ఏం పని? తలుపూ మడ్‌గార్డూ ఊడదీసి, పాత ఇనుప సామాన్ల లారీ వస్తే ఎత్తించేశాడు. అచ్చు తిరగేసి కొత్త రేకు కొట్టాడు. కుడి తలుపూ కొత్త తలుపూ నేల మీద పక్కపక్కన పెడితే కవల పిల్లలు. మురిసిపోయాడు.

తలుపు బిగించాడు. వేశాడు. ముందు వైపు చక్కగా కూర్చుంది. వెనక, గడియ పడాల్సిన చోట, బెత్తెడు సందు మిగిలింది.

"తలుపు చేసినావా, కోళ్ళ గూడు చేసినావా?" అంది పేరమ్మ. "నాలుగు వేళ్ళు పడతా ఉండాయే!"

"చెక్క వెనక్కి పోయుంటాది మే. ఇన్నేళ్ళు వానలో నానింది గదా. ఒక టేకు పట్టీ కొట్టి సందు మూసేస్తా" అన్నాడు హజరత్తయ్య.

పట్టీ కొట్టడానికి చట్రం దగ్గర కూర్చున్నాడు. కూర్చున్నవాడు సుత్తి ఎత్తలేదు. వెనక స్తంభం అతుకులు చూశాడు. పడవలు కట్టిన చేతులకు చెక్క కదిలిందో లేదో ఒకరు చెప్పాలా? ఆ అతుకులు కదల్లేదు. మొదటి రోజు వేసిన రంగు వాటి మీద ఇంకా పగలకుండా ఉంది. స్తంభం వెనక్కి పోలేదు, అక్కడే పుట్టింది. అంటే ఆ మేస్త్రి ఎడమ తలుపును కావాలనే బెత్తెడు పెద్దది చేశాడు. ఎందుకు చేశాడో హజరత్తయ్యకు తెలియదు. తెలుసుకోవడానికి ఆ తలుపు ఇప్పుడు లేదు. ఈపాటికి ఏ కొలిమిలోనో కరిగి నీరైపోయి ఉంటుంది.

అన్నం సహించలేదు అతనికి. సొట్ట పడితే తీయవచ్చు, చిల్లి పడితే పూడ్చవచ్చు. లోకంలో ఒక్కటే ఉన్నదాన్ని తన చేత్తో ఎత్తించి పంపాడు. ఆ వంపు ఎలా ఉండేదో చెప్పే ప్రాణి లేదు.

పని ఎంతవరకు వచ్చిందో చూడ్డానికి మధుబాబు వచ్చినప్పుడు వాళ్ళ మేనత్త ఆదిశేషమ్మను కూడా వెంటబెట్టుకొచ్చాడు. ఆ కారు కట్టించిన తాతకు ఆమె కూతురు. ఎనభై దాటిన మనిషి. మోకాళ్ళు అరిగిపోయి కర్రల్లాగా బిగుసుకున్నాయి. కొత్త కారులోంచి మధుబాబూ పేరమ్మా ఆమెను చెరో పక్కా పట్టుకొని వడ్ల బస్తా దించినట్టు దించారు. ఆమె ముఖం గంటు పెట్టుకొనే ఉంది. కర్ర పొడుచుకుంటూ పాత కారు చుట్టూ తిరిగి, ఎడమ తలుపు దగ్గర ఆగింది.

"ఒరే మధూ, అమ్మ తలుపు ఇంత ఇరుకెట్టా అయిపోయిందిరా?"

హజరత్తయ్య జరిగింది దాచకుండా చెప్పేశాడు. ఆదిశేషమ్మ పేరమ్మ వేసిన కుర్చీలో కూర్చొని, ఆ తలుపు వంకే చూస్తూ చెప్పింది.

"మా అమ్మకి ఒక కాలు మోకాలి కాడ వొంగదు నాయనా. చిన్నప్పుడు గడ్డివామి మీంచి పడిందంట. చాపిన కాలు చాపినట్టే. ఆ మాట ఎవురన్నా ఎత్తినారా, ఆ పూట ఇంట్లో అన్నం లేదు, అంత రోషం మనిషి. ఈ బండి చేయించేటప్పుడు మద్రాసు నించి మేస్త్రి వచ్చినాడంట. అమ్మను కూసోబెట్టి, కాలు చాపితే యాడిదాకా వస్తాదో దారం పట్టి కొలుచుకోని పోయినాడంట. అమ్మ బండికి వీపు తిప్పి కూసునేది. కాలు అట్నే లోపలికి తిప్పుకునేది. అంతే. ఎవురి చెయ్యీ పట్టిందిల్యా. ఎన్ని పెళ్ళిళ్ళకు పోయినాం, ఎన్ని తిరణాళ్ళకు పోయినాం! ఈమె కాలు వొంగదని కనిపెట్టినోళ్ళు ల్యా. తలుపు పెద్దదని గూడా ఎవురూ కనిపెట్టలా."

సొంత మనవడు మధుబాబుకే ఆ సంగతి తెలియదు.

హజరత్తయ్యకు అప్పుడు అర్థమైంది. పడవను నీళ్ళు రెండు పక్కలా ఒకేసారి చూస్తాయి. కారును అలా చూసేవాడెవడు? ఒక పక్క నిలబడ్డవాడికి రెండో పక్క కనపడదు. ఆ ఒక్క సంగతి పట్టుకొని, ఒక ఆడమనిషి మర్యాద కోసం, ఆ మహానుభావుడు బెత్తెడు మేర రేకులో దాచేశాడు. దాన్ని పుచ్చుదని ఎత్తించేసింది తను. పోయింది రేకైతే ఇంత బాధ ఉండేది కాదు.

"పోనీలే అన్నా," అన్నాడు మధుబాబు, అతని ముఖం చూసి. "పట్టీ కొట్టి సందు మూసెయ్. ఎవురికి తెలుస్తాది?"

ఆదిశేషమ్మ తల పక్కకు తిప్పుకుంది.

"వొద్దన్నా. ఆయన చేసిందే చేస్తా," అన్నాడు హజరత్తయ్య. "కొంచెం ఓపిక పట్టండి."

అనడమైతే అనేశాడు. స్తంభం దాకా వచ్చేలా ఇంకో తలుపు కొట్టాడు. సందు మూసుకుంది గానీ బండి ఎడమ దవడ వాచినట్టు తయారైంది. "ఆయమ్మ కాలు గాదు గదా, ఇప్పుడు ఊరోళ్ళందరి కళ్ళూ ఈడనే పడతాయి" అంది పేరమ్మ. ఆమె మాట ఎప్పుడూ పుండు మీద కారమే, కానీ అబద్ధం కాదు. హజరత్తయ్య ఆ తలుపును ఊడదీసి పక్కన పడేశాడు.

తర్వాత చాలా రోజులు అతను సుత్తి పట్టుకోలేదు. టేకు చట్రం ముందు బాసింపట్టు వేసుకొని కూర్చునేవాడు. పాత రేకు పోయింది గానీ, అది బిగించిన మేకుల చిల్లులు తలుపు చుట్టూ ఉన్న చెక్కలో ఉన్నాయి. ప్రతి చిల్లి చుట్టూ ఇనుము దిగిన నల్లటి మచ్చ. కుడి పక్క మేకులు, లోపలి నుంచి చూస్తే, తిన్నగా ఒక వరసలో పోతాయి. ఎడమ పక్క చిల్లులు తలుపు వెనక ఉన్న కిటికీ కింద కొంచెం ముందునుంచే కిందికి వాలుతున్నాయి. మొదట చూసినప్పుడు, 'ఎంతటివాడికైనా చెయ్యి తప్పుతుందిలే' అనుకున్నాడు. ఇప్పుడు చిల్లి నుంచి చిల్లికి దారం కట్టి, దూరంగా పోయి నిలబడి చూశాడు.

చెయ్యి తప్పలేదు. కిటికీ కింది గీత ఎంత ముందుగా వాలిందో, మడ్‌గార్డు వంపు అంత సన్నబడింది. చూపు ఆ గీత మీద పడి, కిందికి జారి, వంపు పట్టుకొని చక్రం దాకా వెళ్ళిపోతుంది. తలుపు దగ్గర ఆగదు. ఆగనివ్వకుండా ఆ చిల్లులన్నీ కలిసి కాపలా కాస్తున్నాయి. హజరత్తయ్యకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "వస్తా ఉండాది మే, మేస్త్రి మాట్లాడతా ఉండాడు" అని అరిచాడు. లప్పం రుద్దుతున్న పేరమ్మ ఉలిక్కిపడి, మొగుడికి ఎండదెబ్బ తగిలిందేమోనని పరుగెత్తుకొచ్చింది.

అక్కడి నుంచి తన ఇష్టం అన్నది మానుకున్నాడు. చిల్లులు ఎటు పొమ్మంటే రేకును అటే పంపాడు. నచ్చకపోయినా పంపాడు. తలుపు, మడ్‌గార్డు, వాటి మధ్య వంపు, అన్నీ చిల్లుల మీద కూర్చున్నాక కళ్ళు మూసుకొని తడిమాడు. మడ్‌గార్డు మీంచి తలుపు మీదికి అరచెయ్యి ఆగకుండా పోయింది. అయినా అతనికి ధైర్యం రాలేదు. కాలు కొలిచి కట్టినవాడు వేరు, చిల్లులు చూసి కట్టినవాడు వేరు. తను పట్టుకున్నది ఆ తల్లి తలుపేనా అన్నది బండి చెప్పదు, చెయ్యి చెప్పదు.

రంగు ఆరిన రోజున మధుబాబు మేనత్తను తీసుకొని వచ్చాడు. కారును చూసి అతను బొమ్మలా నిలబడ్డాడు. అటు తిరిగి ఇటు తిరిగి, ఏ పక్క పెద్దదో పోల్చుకోలేక నవ్వాడు. తర్వాత, "అత్తా, నువ్వు ఎక్కేదానికి స్టూలు తెస్తా, ఆడనే నిలబడు" అని షెడ్డు లోపలికి పోయాడు.

ఆదిశేషమ్మ కర్రను పేరమ్మ చేతికిచ్చింది. హజరత్తయ్య తలుపు తెరిచి, సాయానికి చెయ్యి చాపబోయి, ఆమె చూపు చూసి వెనక్కి తీసుకున్నాడు. ఆమె బండికి వీపు తిప్పింది. కూర్చుంది. బిగుసుకున్న కాళ్ళు రెండూ చాపినవి చాపినట్టే లోపలికి తిప్పుకుంది. పాదాలు దేనికీ తగల్లేదు. చీర కుచ్చిళ్ళు సర్దుకుంది. తనే తలుపు లాక్కుంది. అది మెత్తగా పడింది. హజరత్తయ్య రెండు చేతులూ వాటంతట అవే జోడించుకున్నాయి.

మధుబాబు స్టూలు మోసుకుంటూ వచ్చి, అత్త నిలబడిన చోట అత్త లేకపోవడం చూసి, దిక్కులు చూశాడు.

ఆదిశేషమ్మ అద్దం దించింది.

"ఆ స్టూలు ఎవురికిరా, మధూ?"